జానెడు తేడా

కిందటి వారం మనం గట్లక్కను ఆఫీసు బీరువా ముందు, నేలమీద, ఒళ్లో ఒక పాత పుస్తకంతో వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. వారం గడిచింది మనకే గానీ ఆమెకు పది నిమిషాలు కూడా కాలేదు.

కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్లకు నాలుగు మాటలు. గట్లక్క అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. వాలు పొలాల్లో వాన నీరు మట్టిని కోసుకుపోకుండా అడ్డంగా గట్లు వేయించడం ఆమె ఉద్యోగం. ముప్పై ఒక్కేళ్లుగా అదే పని. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఇప్పుడు ప్రభుత్వం కొత్త పథకం ఒకటి తెచ్చింది. పాత గట్లు తిరగవేస్తారు, నీటి కుంటలు తవ్విస్తారు, వాగు ఒడ్డున పచ్చిక పెంచుతారు. ఖర్చులో పది వంతుల్లో తొమ్మిది వంతులు ప్రభుత్వానివే. ఒకటే మెలిక: ఒక వాలు మీద పొలాలున్న వాళ్లందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా మొత్తం దరఖాస్తు చెత్తబుట్టలోకే.

ఆ వాలు మీద పంతొమ్మిది కుటుంబాలున్నాయి. పద్దెనిమిది సంతకాలు అయ్యాయి. మిగిలింది అందరికంటే పైన పొలమున్న పెద్దాయన. ఆయన పొలం కింద పొలం సొంత తమ్ముడిది. అన్నదమ్ముల మధ్య మాటల్లేక పదకొండేళ్లు. కారణం ఒక గట్టు. గడువు ఇవాళ సాయంత్రం అయిదింటికి.

ఆ గట్టు వేయించింది గట్లక్కే. వేసిన ఏడాదే పెద్ద వానకు ఉత్తరం వైపు సగం తెగిపోయి, అన్న పొలంలోని పైమట్టంతా తమ్ముడి పొలంలోకి కొట్టుకొచ్చింది. గండి దగ్గర తమ్ముడి పార దొరికింది. పూడ్చడానికి వెళ్లానని తమ్ముడు మొత్తుకున్నాడు. ఎవరూ చెవిన వేసుకోలేదు. నా మట్టి మీద కన్నేసి గట్టు తెంచాడని అన్న నిప్పులు చెరిగాడు. ఆఫీసు వాళ్లు విచారణకు వచ్చి గట్లక్కను అడిగారు. ఆమె, "గట్టు మట్టం సరిగ్గానే ఉంది" అంది. ఆ ఒక్క మాటతో తమ్ముడు దొంగయ్యాడు. గట్లక్క కొలత తప్పడమేమిటి, అన్నారు అందరూ. ఆమె మంచి పేరే అతని మెడకు ఉచ్చయింది.

ఇవాళ పొద్దున దరఖాస్తుకు జత చేయడానికి పాత పటం కోసం వెతుకుతూ, బీరువా రిజిస్టరులో సంతకం పెట్టి ఆ ఏటి లెవెల్ పుస్తకం బయటికి తీసింది. పద్నాలుగో పేజీలో రబ్బరుతో చెరిపిన మచ్చ కనపడింది. చెరిపింది తనే.

లెవెల్ చూడడమంటే పెద్ద విద్యేం కాదు. మూడు కాళ్ల మీద గొట్టం లాంటి యంత్రం పెట్టి, అందులోంచి దూరంగా నిలబెట్టిన గీతల కర్రను చూసి అంకె రాసుకోవాలి. యంత్రాన్ని ఇంకోచోటికి మార్చేటప్పుడు కర్ర మాత్రం ఒక రాయి మీదే ఉండాలి. పాత అంకెనూ కొత్త అంకెనూ కలిపేది ఆ రాయే. అది కదిలితే అక్కణ్ణుంచి లెక్కంతా తప్పే. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల ముందు ఆ రాయి మీద సుద్దతో గుర్తు గీసి లేచింది గట్లక్క. తిన్నాక పని మళ్లీ మొదలెట్టింది. సాయంత్రం మొదలెట్టిన చోటికే తిరిగొచ్చి సరిచూస్తే జానెడు తేడా వచ్చింది. మబ్బు కమ్ముకొస్తోంది, కూలీలు తొందరపడుతున్నారు. కూడికలో పొరపాటు పడి ఉంటానులే అనుకుని రబ్బరు తీసి, రావాల్సిన అంకె రాసేసింది. ఉత్తరం వైపు గట్టు జానెడు కిందుగా లేచింది. పొలం నీళ్లన్నీ ఆ పల్లానికే చేరాయి. గండి పడటానికి ఎవరి పారా అవసరం లేకపోయింది.

పదకొండేళ్లలో ఈ సంగతి ఆమెకు ఒక్కసారైనా అనుమానం రాలేదా? వచ్చింది. వచ్చినప్పుడల్లా వేరే పనిలో పడింది. మనిషి అన్నాక అలాంటివి చేస్తుంది, దానికి ఆమెను తిట్టుకునే ముందు ఎవరి బీరువా వాళ్లు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

గట్లక్క లేచింది. చీరకంటిన దుమ్ము దులుపుకోకుండానే పుస్తకం సంచిలో పెట్టుకుంది. అదే సంచిలో దరఖాస్తు కట్ట ఉంది. కట్టలోనే ఎక్కడో తమ్ముడు నిన్న ఇచ్చిన కవరు కూడా ఉంది. "అన్నయ్య ఎంతకీ ఒప్పుకోకపోతేనే ఇది తెరిచి ఆయనకు చూపించండక్కా. ఒప్పుకుంటే చింపేయండి" అన్నాడతను. బతిమాలుకుంటూ రాసిన ఉత్తరమై ఉంటుందిలే అనుకుంది.

పెద్దాయన ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

"సంతకం కోసమైతే వచ్చిన దారినే వెళ్లు" అని వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"సంతకం కోసమే అన్నగారూ. దానికంటే ముందు ఇంకోటి చెప్పాలి."

"అయితే రా. టీ పెడుతున్నాను. ఒక్కడికి పెట్టడం ఇంకా చేతకావడం లేదు, ఎప్పుడూ రెండు గ్లాసులవుతోంది."

వంటిల్లు శుభ్రంగా ఉంది. ఒంటరి మగవాడి ఇల్లు ఇంత శుభ్రంగా ఉంటే చూడ్డానికే బాధేస్తుంది. కట్టెల పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఆయన పుల్లలు ఎగదోస్తున్నాడు. పక్కన కాళ్లు కోసిన చిన్న కుర్చీ ఒకటి, దాని మీద ఎండుపుల్లల గంప. ఆ కుర్చీ చిట్టిది. తమ్ముడి కూతురు. పిల్లల్లేని పెద్దాయనా, ఆయన భార్యా దాన్ని పాలు మరిచిన నాటినుంచి ఇక్కడే పెంచుకున్నారు. గట్టు తెగిన వారానికి తమ్ముడు వచ్చి ఆరేళ్ల పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయాడు. పెద్దాయన ఆపలేదు. ఆయన భార్య వీధి మలుపు దాకా వెంట పరుగెత్తింది.

గట్లక్క కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననుకుంది. పుస్తకం తీసి పద్నాలుగో పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

"గట్టు మీ తమ్ముడు తెంచలేదు. నేను తప్పు కొలిచాను. తప్పని ఆ సాయంత్రమే తెలిసింది. చెరిపి దిద్దేశాను. విచారణలో అబద్ధం చెప్పాను."

అంతే. పదకొండేళ్ల మాట నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆయన లేచి కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననీ అనుకుంది.

పెద్దాయన పుస్తకం వంక చూడనేలేదు. టీ పొంగుతుంటే గుడ్డతో గిన్నె పట్టుకుని దించాడు.

"నువ్వు సరిగ్గానే కొలిచావమ్మా" అన్నాడు. "రాయి కదిలింది."

రాయి సంగతి ఆయనతో ఆమె అనలేదు.

"ఆ రోజు మీ అందరికీ భోజనం తెచ్చింది మా ఆవిడ కదూ. వాలు నేల మీద నీళ్ల బిందె నిలబడలేదట. పక్కనే పలకలాంటి రాయి కనపడితే తెచ్చి బిందె కింద పెట్టుకుంది. దాని మీద సుద్ద గీత చూసిందట కూడా. మా చిట్టి అప్పుడు చేతికందిన ప్రతిదాని మీదా సుద్దతో గీసేది కదా, దాని పనే అనుకుందట. మీరు లేచాక మళ్లీ తీసుకెళ్లి పెట్టేసింది. ఎక్కడ తీసిందో అక్కడే పెట్టాననుకుంది పిచ్చిది."

"ఆవిడ మీకెప్పుడు చెప్పింది?"

"ఆసుపత్రిలో, పోయేముందు వారం." ఆయన రెండు గ్లాసుల్లో టీ పోశాడు. "పక్క మంచం వాళ్లమ్మాయి రోడ్ల కొలతల్లో పనిచేస్తుందట. మాటల్లో ఈ రాయి సంగతి చెప్పింది, కదిలితే ఎంత అనర్థమో. అప్పుడు తట్టింది మా ఆవిడకి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు నాకు చెప్పి, తమ్ముణ్ణీ చిట్టినీ పిలుచుకు రండి, వాళ్ల కాళ్లు పట్టుకుంటాను అంది."

"మూడేళ్లయిందిగా అన్నగారూ ఆవిడ పోయి."

"మూడేళ్ల రెండు నెలలు."

"అంటే ఇన్నాళ్లూ మీకు తెలుసా?"

"రేపు పిలుస్తాననేవాణ్ణి. ఎనిమిదేళ్లు దొంగ అన్న నోటితో రా నాయనా అని ఎలా పిలవాలో తెలియలేదమ్మా. రేపు, రేపు అంటూ ఉండగానే ఆవిడ వెళ్లిపోయింది. చివరి రోజు కూడా తలుపు వైపే చూసింది. గాలికి తలుపు కదిలితే చిట్టీ, వచ్చావా అంది."

గట్లక్క కళ్లు నిండిపోయాయి. ఆ చావు రోజు ఆమెకు గుర్తుంది, ఊరందరికీ గుర్తుంది. తమ్ముడూ, పద్నాలుగేళ్ల చిట్టీ గేటు ముందు వానలో నిలబడ్డారు. పెద్దాయన స్వయంగా వచ్చి గేటుకు తాళం వేశాడు. ఎంత రాతి గుండె, చచ్చినా పగ వదల్లేదు అని ఊరంతా ఉమ్మేసింది.

"కోపంతో వేశారనుకున్నాం" అంది.

"కోపమనుకుంటేనే నయం. ముఖం చెల్లక వేశాను." ఆయన పొయ్యిలోని పుల్ల వెనక్కి లాగాడు. "పిల్ల గేటు ఊచలు పట్టుకుని, పెదనాన్నా ఒక్కసారి చూసి వెళ్లిపోతాను అంది. తాళం చెవి నా చేతిలోనే ఉందమ్మా. నా చేతిలోనే ఉంది."

టీ చల్లారిపోయింది. ఇద్దరూ తాగలేదు.

గట్లక్క సంచి భుజాన వేసుకుంది. "ఇప్పటికైనా మించిపోయిందేం లేదు. పదండి, ఇద్దరం కలిసే వెళ్దాం. తప్పు నాది, రాయి కదలడం ఎవరి తప్పూ కాదు. తేడా వచ్చినప్పుడు మళ్లీ కొలవాల్సింది నేను. మీ ఆవిడ మాట అసలు రానివ్వను."

"తరవాత వాడు అడుగుతాడు. ఎప్పటినుంచి తెలుసన్నయ్యా అంటాడు. ఏం చెప్పను? తెలిసే నీ కూతుర్ని శవాన్ని కూడా చూడనివ్వలేదురా అని చెప్పనా?" పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు నేనంటే వాడికి కోపం. కోపం ఉంటే మనిషి మిగిలే ఉంటాడు. ఇది తెలిస్తే అసహ్యం పుడుతుంది. అది నేను తట్టుకోలేను. ఉన్న నాలుగు రోజులూ నన్నిలా పోనీ."

ఆయన చెయ్యి చాపాడు. "కాగితాలివ్వు, సంతకం పెడతాను. పాత లెక్కలు తవ్వుతారని భయపడే ఇన్నాళ్లూ పెట్టలేదు. ఆ పద్దెనిమిది ఇళ్ల వాళ్లూ ఏం పాపం చేశారు? కానీ ఆ పుస్తకం పొయ్యిలో వెయ్యి. ఈ మాట నువ్వూ నేనూ ఎక్కడా ఎత్తకూడదు. ఒట్టెయ్యి."

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. జిల్లా ఆఫీసుకు బస్సులో గంటన్నర. మూడింటి బస్సు పోతే ఇంక బస్సు లేదు. గట్లక్కకు వాలు మీది పొలాలు కళ్లముందు కదిలాయి. ఏటా వానకు రాళ్లు తేలుతున్న పొలాలు. పదిహేనో పొలం వాడైతే పోయినేడు విత్తనం మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ వాగు తిన్నది. ఇంకో ఏడాది ఆగమంటే వాళ్లకు ఆగడానికి మట్టి ఉండదు.

అవన్నీ నిజమే. అయితే ఇంకోటి కూడా నిజం. పుస్తకం కాలిపోతే తన పేరు నిలబడుతుంది, నాలుగు నెలల్లో దండలతో ఇంటికి వెళ్లొచ్చు. ఆ ఆలోచన రాగానే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా, ఒట్టేసి, పుస్తకాన్ని తన చేత్తోనే పొయ్యిలో పెట్టింది. అట్ట ముందు అంటుకోలేదు. వేళ్లతో లోపలికి తోసింది. పేజీలు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. పద్నాలుగోది ఎప్పుడు కాలిందో తెలియలేదు.

పెద్దాయన సంతకం పెట్టాడు. పెట్టి, కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"చిట్టి ఇప్పుడు ఎంత ఎత్తుంది?"

గట్లక్క చెయ్యి ఎత్తి చూపించింది. "మీ భుజం దాకా వస్తుంది."

"ఆ" అన్నాడు. చిన్న కుర్చీ మీది గంప సర్దుతూ ఉండిపోయాడు.

మూడింటి బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆమె కట్ట విప్పనేలేదు. విప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కళ్లు మూసుకుంటే గేటు ఊచలే కనపడుతున్నాయి. చివరికి కళ్లు తెరుచుకునే కూర్చుంది.

జిల్లా ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమాస్తాను అందరూ ముద్రాయన అంటారు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే ముందు ముద్ర కొడతాడు, తరవాత చదువుతాడు. ముద్ర పడ్డ కాగితానికి నంబరు పడుతుంది, నంబరు పడ్డ కాగితం ఆఫీసు సొత్తు, బ్రహ్మదేవుడొచ్చి అడిగినా తిరిగివ్వడు. ఆఫీసులోకి వస్తే పిల్లి మీద కూడా ముద్ర కొడతాడని తోటివాళ్ల ఎకసెక్కెం.

"సాధించారన్నమాట మేడమ్! ఆ పెద్దాయన చేత కూడా పెట్టించారే!" అంటూ కట్ట అందుకున్నాడు. టైము నాలుగూ నలభై.

ముద్ర టపటపా పడుతోంది. పటం మీద పడింది. పొలాల పత్రాల మీద పడింది. పంతొమ్మిది సంతకాల కాగితం మీద పడింది. గట్లక్క గుండెల మీది బరువు కాస్త దిగింది. ఆయన కట్ట మధ్యలోంచి ఒక కవరు లాగి, అలవాటుగా అంచు చింపి, లోపలి కాగితం విప్పి టప్పున ముద్ర కొట్టాడు.

"అది కాదు!" అంది గట్లక్క, లేచి. "అది దరఖాస్తులోది కాదు. ఇటివ్వండి."

"నంబరు పడిపోయిందిగా మేడమ్" అని ముద్రాయన కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. పోనుపోను ఆయన గొంతు తగ్గింది.

"పదకొండేళ్ల కిందటి పెద్ద వాన రోజు మా అన్నయ్య పొలం గట్టును నేనే పారతో తెంచాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. అన్నయ్యకు ఈ కాగితం చూపించి సంతకం పెట్టమని నా తరఫున అడగండి. పథకంలో నా పేరు లేకపోయినా ఫర్వాలేదు. మా అమ్మాయిని మాత్రం ఒకసారి ఇంటికి రానివ్వమని చెప్పండి. ఇట్లు, తమ్ముడు."

గట్లక్క కౌంటరు పట్టుకుంది. చెయ్యని తప్పు ఒప్పుకున్నాడు. పద్దెనిమిది ఇళ్ల కోసం, కూతురి కోసం, అన్నతో ఒక్క మాట కోసం. అన్న సంతకం పెట్టేశాడు, ఇది చింపేయాల్సిన కాగితం. చింపడం మరిచిపోయింది తనే. పదకొండేళ్లలో తన వల్ల ఆ మనిషికి ఇది రెండో దెబ్బ.

"అయ్యో పాపం" అన్నాడు ముద్రాయన నిజంగానే. "కానీ రూలు రూలే మేడమ్. ప్రభుత్వం వేసిన గట్టును కావాలని తెంచినవాడికి జన్మలో ఏ సాయమూ రాదు. మిగతా వాళ్లకి ఇబ్బంది లేదు, వాళ్ల పని నడుస్తుంది. ఇతని పేరు కొట్టేసి, కేసు పెట్టమని పైకి రాయాలి." ఎర్ర పెన్ను మూత తీశాడు.

"అతను తెంచలేదు."

"అతనే రాశాడు కదండీ."

"రాస్తే? తెంచలేదు. నాకు తెలుసు. గట్టు కొలతే తప్పు. ఆ తప్పు చేసింది నేను." ఒట్టు మాట గుర్తొచ్చేలోపే నోరు జారిపోయింది. వెనక బెంచీల మీది వాళ్లు తలలు తిప్పారు. ఆమె పట్టించుకోలేదు. ఇన్నేళ్లకు ఒక్కసారి నిజం గట్టిగా అన్నందుకు ఒళ్లంతా తేలికయింది.

ముద్రాయన పెన్ను ఆపాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగం, ఒక్క మచ్చ లేని మనిషి. ఆయన ముఖం మెత్తబడింది.

"మీరు అంటే నేను కాదంటానా మేడమ్? కానీ నోటిమాట పనికిరాదు. కొలత తప్పని కాగితం చూపిస్తే ఇతని పేరు ఇప్పుడే ఉంచేస్తాను, కేసూ ఉండదు." టేబులు మీది కంప్యూటరులో ఏదో నొక్కి, సంతోషంగా తల ఎత్తాడు. "అదృష్టం! ఆ ఏటి లెవెల్ పుస్తకం పొద్దున బీరువాలోంచి మీరే సంతకం పెట్టి తీసుకున్నట్టు మీ ఆఫీసు వాళ్లు ఎక్కించారు. ఇంక అయిదు నిమిషాలుంది. ఏదీ, ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపాడు.

గట్లక్క తన చేతుల వంక చూసుకుంది. గోళ్ల సందుల్లో బూడిద ఇంకా అలాగే ఉంది.